నాలుగో వంతు వేడినీళ్ళు

బస్సు డిపోలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. టైమ్‌టేబుల్ విభాగంలో ఇరవై రెండేళ్ళుగా కూర్చుని కూర్చుని చివరికి ఆయనే టైమ్‌టేబుల్ గారైపోయారు. ఏ బస్సు ఎన్నింటికి కదలాలో, ఏ ప్లాట్‌ఫారమ్ మీద ఎన్ని నిమిషాలు ఆగాలో ఆయన రాస్తే రెండువందల బస్సులు అలాగే నడిచేవి. ఇంట్లో మాత్రం ఆయన మాట విని నడిచేది గోడగడియారం ఒక్కటే. అదీ కీ ఇస్తేనే.

ఆయన భార్య విద్యుత్ సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు. ఏ లైను మీద ఎంత లోడు పడుతోందో చూసి, ఎక్కువైన చోట తగ్గించడం ఆవిడ ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా ఆవిడ అదే పని చేసేది. బల్బు మార్చినా, ప్లగ్గు బిగించినా ఆవిడే. ఒకసారి ఆవిడ డ్యూటీలో ఉండగా టైమ్‌టేబుల్ గారు ఇస్త్రీపెట్టె బాగుచేశారు. ఆ తర్వాత అది బట్టల్ని వదిలేసి మనుషుల్ని ఇస్త్రీ చెయ్యడం మొదలుపెట్టింది. ఆ రోజునుంచి స్క్రూడ్రైవరు ఎక్కడ ఉంటుందో ఆయనకు తెలియదు.

ఇంట్లో ఇంకా ఇద్దరున్నారు. ఆయన తల్లి, కాలేజీలో చదివే కూతురు. నలుగురికీ కలిపి స్నానాలగది ఒకటి, అందులో పాతకాలపు గీజరు ఒకటి. పొద్దున్నే మోకాళ్ళ నొప్పులు కాబట్టి తల్లి మొదట వెళ్ళేది. డ్యూటీ కాబట్టి భార్య రెండోది. నడుము దాకా జుట్టు కాబట్టి కూతురు మూడోది. ఏ కారణమూ లేదు కాబట్టి టైమ్‌టేబుల్ గారిది నాలుగో వంతు. ఆయన వంతు వచ్చేసరికి గీజరులో నీళ్ళుండేవి గానీ, వాటిని వేడినీళ్ళని పిలవాలంటే మంచి మనసుండాలి.

"రెండువందల బస్సులకు వేళలు రాసేవాణ్ణి, నా స్నానానికి ఒక వేళ లేకపోయింది" అని ఆయన వాపోతే, భార్య కాఫీ గ్లాసు చేతికిచ్చి, "ఇది వేడిగానే ఉంది, తాగండి" అనేది.

ఆ చలికాలంలో పాత గీజరు అడుగున తుప్పు తిని కారడం మొదలెట్టింది. సరిగ్గా అప్పుడే భార్యకు వేరే ఊళ్ళో మూడు రోజుల ట్రైనింగు పడింది. వెళ్తూ వెళ్తూ, "నేనొచ్చాక చూస్తాను, ఈలోగా ఎవరూ ఏమీ ముట్టుకోకండి" అని చెప్పింది. ఎవరూ అన్నప్పుడు ఆవిడ చూసింది ఒక్కరి వైపే.

ఆవిడ బస్సు మలుపు తిరగకముందే టైమ్‌టేబుల్ గారు దుకాణంలో ఉన్నారు.

దుకాణదారు ఆయనకు ఒక తెల్లటి పెట్టె చూపించాడు. "ఇందులో టాంకున్న గీజరుంది, టాంకు లేని గీజరూ ఉంది సార్."

"ఉన్నదీ లేనిదీ ఒక్కచోటే ఎలా ఉంటాయయ్యా?"

"టాంకులో నీళ్ళు ముందే కాగి నిలవుంటాయి. అవి అయిపోతుంటే రెండోది అందుకుని, పారే నీళ్ళను పారుతుండగానే కాస్తుంది. ఎప్పుడు ఏది పని చెయ్యాలో లోపల ఒక కార్డు చూసుకుంటుంది. రెంటినీ మాత్రం ఒకేసారి వెయ్యదు. వేస్తే ఇంటి మెయిన్ పడిపోతుంది."

టైమ్‌టేబుల్ గారు ఇదంతా ఒక చెవితో విన్నారు. ఆయన చూపంతా పెట్టెతోపాటు ఇచ్చే చిన్న ప్యానెల్ మీద ఉంది. దాని మీద అంకెల మీటలున్నాయి. "ఇదేమిటి?"

"టైమర్ సార్. రోజుకు నాలుగు వేళలు పెట్టుకోవచ్చు. ఒక్కో వేళకు ఎంత వేడి కావాలో, కావాలంటే రెంటిలో ఏ గీజరు పని చెయ్యాలో కూడా పెట్టుకోవచ్చు. ఎవరూ మార్చకుండా పిన్ నంబరు కూడా ఉంది."

నాలుగు వేళలు. ఇంట్లో నలుగురు. టైమ్‌టేబుల్ గారు ఆ ప్యానెల్‌ను రెండు చేతులా అందుకున్నారు. తన కోసమే ఎవరో ఎక్కడో రాత్రీపగలూ కష్టపడి ఈ యంత్రం చేశారని ఆయనకు అనుమానం లేకుండా పోయింది.

మూడో రోజున బిగించడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్‌ను ఆ వీధిలో టేపు అంటారు. ఏది పాడైనా మొదట నల్ల టేపు చుట్టి, అప్పుడు ఆలోచించే అలవాటు వల్ల ఆ పేరొచ్చింది. ప్యానెల్‌ను వరండా గోడకు బిగిస్తూ అతను అడిగాడు. "మేడమ్ గారికి తెలుసా సార్?"

"తెలుస్తుంది."

"తెలుసా అన్నాను సార్."

"తెలుస్తుంది అన్నానయ్యా."

టేపు పని ముగించి, అలవాటు కొద్దీ ఒక మూల టేపు చుట్టి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం టైమ్‌టేబుల్ గారు డిపోలో ఎన్నడూ పడనంత శ్రద్ధపడి వేళలు రాశారు. భార్యకు, కూతురికి ముప్పైఆరు డిగ్రీలు. కన్నతల్లి కాబట్టి అమ్మకు ముప్పైఎనిమిది. ఏడు గంటలకు తన వంతు, యాభైరెండు. చల్లారిన నీళ్ళు పడితే వాళ్ళు త్వరగా బయటికొస్తారు, టాంకు నిండుగా తన కోసం కాగుతుంది. తర్వాత పిన్ నంబరు పెట్టారు. ఆయన పెట్టారని ఈ ఇంట్లో ఎవరూ ఊహించలేని నంబరు ఎంచుకున్నారు.

ఆ రాత్రి ట్రైనింగునుంచి వచ్చిన భార్య సంచి కూడా దింపకుండా ప్యానెల్ ముందు నిలబడింది.

"ఎవరు పెట్టారు?"

"టేపు."

"ఎవరు పెట్టించారు?"

"పాతది కారిపోతోంది కదా, అమ్మ జారిపడుతుందేమోనని."

"వేళలు?"

"అవి యంత్రమే చూసుకుంటుందట. మనం చెయ్యాల్సిందేమీ లేదట."

ఆవిడ ఇంకాసేపు చూసి, "మంచిదే" అంది. టైమ్‌టేబుల్ గారికి ఆ మాట వినగానే చలి కొంత తగ్గింది.

మర్నాడు అంతా ఆయన రాసినట్టే నడిచింది. తల్లి బయటికొచ్చి, "కొత్త గీజరన్నావు, చల్లారిన టీ పోసుకున్నట్టుందిరా" అంది. కూతురు అయిదు నిమిషాల్లో జుట్టు పిండుకుంటూ పరిగెత్తుకొచ్చింది. ఏడింటికి టైమ్‌టేబుల్ గారు లోపలికి వెళ్ళి, షవర్ కింద నిలబడి, తనకు రాని పాట ఒకటి పూర్తిగా పాడారు.

"మీకు బాగానే కాగినట్టున్నాయే" అంది భార్య, ఆయన వెనక పొగలు కక్కుతున్న గదిలోకి తొంగి చూస్తూ. అద్దం తెల్లగా మసకబారిపోయి ఉంది. ఆవిడ వేలితో దాని మీద ఒక గీత గీసింది.

"యంత్రం కదా, వాడగా వాడగా వేడెక్కుతుంది" అన్నారాయన.

ఆ గీత ఆయన్ని కొంచెం ఇబ్బంది పెట్టింది. అందుకని మూడో రోజునుంచి ముగ్గురూ బయటికొచ్చాక, తను వెళ్ళేముందు అద్దం పరీక్షగా చూడడం మొదలెట్టారు. అద్దం శుభ్రంగా ఉండేది. ఆవిరి చుక్క కూడా లేదు. తన టైమ్‌టేబుల్ మీద తనకు గౌరవం పెరిగింది.

కాని అయిదో రోజు పాట రెండో చరణంలో నీళ్ళు సన్నగిల్లాయి. టాంకు ఖాళీ అయి రెండో గీజరు అందుకుంది. దాని ధార సూదిలో దారంలా వచ్చింది. ఆరో రోజు మొదటి చరణంతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఎనిమిదో రోజుకు పల్లవి మిగిలింది.

ఆయన టేపును పిలిపించి, "రెంటినీ ఒకేసారి వేసెయ్యి. టాంకూ కాగాలి, ధారా కాగాలి" అన్నారు.

"కార్డు ఒప్పుకోదు సార్."

"కార్డును తప్పించెయ్యి."

"వైర్లు ఒప్పుకోవు సార్. కాలిపోతాయి. కార్డు వద్దన్నది నేను ఔనంటే రేపు నా లైసెన్సు ఉండదు. ఒక్కసారి మేడమ్ గారిని అడగండి."

"ఆవిణ్ణి అడిగేట్టయితే నిన్నెందుకు పిలుస్తానయ్యా?"

"నన్ను పిలవలేదనుకోండి సార్" అని టేపు చెప్పులేసుకున్నాడు.

టైమ్‌టేబుల్ గారు నిరాశపడలేదు. వైర్లు తన విద్య కాదు, వేళలు తన విద్య. మూడో వేళలో టాంకు, నాలుగో వేళలో ధార ఉండేట్టు పెట్టి, రెండు వేళల్నీ ఏడింటికే మొదలుపెడితే కార్డు ఏం చేస్తుంది? దానికి రెండు ఆజ్ఞలూ పాటించక తప్పదు. డిపోలో ఒకే ప్లాట్‌ఫారమ్‌కు ఒకే సమయంలో రెండు బస్సులు రాసిన గుమాస్తాను ఆయన ఒకప్పుడు వారంపాటు తిట్టారు. ఆ సంగతి ఆ సాయంత్రం ఆయనకు గుర్తు రాలేదు.

మర్నాడు మామూలు రోజు కాదు. ఆయన ఆర్నెల్లు కూర్చుని తయారుచేసిన కొత్త బస్సు వేళలు ఆ రోజే అమలులోకి వస్తున్నాయి. ఎనిమిదిన్నరకు డిపోలో సమావేశం. మేనేజరుగారు, డ్రైవర్లు, కండక్టర్లు అందరి ముందూ నిలబడి, ఒక్క నిమిషం కూడా వృథా కాకుండా ఎలా నడపాలో ఆయనే చెప్పాలి. ఇస్త్రీ చేసిన చొక్కా కుర్చీ మీద వేసి, ఏడింటికి స్నానానికి వెళ్ళారు.

ఏడుంబావుకు తలనిండా షాంపూ నురుగు ఉండగా, వరండాలో కుయ్యిమని ఒక శబ్దం మొదలైంది. దాంతోపాటే షవర్లోంచి మంచు లాంటి నీళ్ళు వీపు మీద పడ్డాయి.

ఆయన గోడకు అతుక్కుపోయి, "ఎవరక్కడ?" అని అరిచారు.

"ప్యానెల్ మీద ఎర్ర దీపం వెలుగుతోంది నాన్నా. టాంకు అయిపోయిందట, ఒకే వేళకు రెండు ఆజ్ఞలున్నాయట. పిన్ అడుగుతోంది" అంది కూతురు తలుపవతల.

"పిన్ను కావాలట" అంది తల్లి గొంతు. "ఉండరా, నా పెట్టెలో ఉంది." కాసేపటికి తలుపు కింద సందులోంచి ఒక పిన్నీసు లోపలికి వచ్చింది.

"ఈ పిన్ను కాదమ్మా" అన్నారాయన, కళ్ళు మండుతుండగా.

ఈసారి భార్య గొంతు వినిపించింది, చాలా నెమ్మదిగా. "నంబరు చెప్పండి."

టైమ్‌టేబుల్ గారు రెండు క్షణాలు ఆలోచించారు. నంబరు చెబితే ప్యానెల్ మొత్తం ఆవిడ చేతికి పోతుంది. కాని వీపు గడ్డకడుతోంది. "మన పెళ్ళిరోజు" అన్నారు, గొంతులో వీలైనంత ప్రేమ కలిపి.

 తర్వాత మీటలు నొక్కిన చప్పుడు. కుయ్యిమన్న శబ్దం.

"తప్పంటోంది."

"సరిగ్గా కొట్టు."

మళ్ళీ మీటలు. మళ్ళీ కుయ్యి.

"నేను కొడతానుండమ్మా" అంది కూతురు. మూడోసారి కుయ్యిమన్నాక శబ్దం ఆగిపోయింది. "మూడుసార్లు తప్పు కొట్టామట నాన్నా. అరగంట దాకా ఇంక ఏ నంబరూ తీసుకోదట."

"మీకు పెళ్ళిరోజు కూడా తెలీదా?" అని టైమ్‌టేబుల్ గారు లోపల్నుంచి మండిపడ్డారు. "ఒకటి, ఏడు, ఒకటి, ఒకటి. పదకొండో నెల పదిహేడు."

ఆయన షవర్ కట్టేసి చెవి తలుపుకు ఆనించారు.

"ఎవరి పెళ్ళండీ?" అంది భార్య. "ఈ ఇంట్లో నాకు తెలిసి ఒక్కటే జరిగింది. అది పంతొమ్మిదిన."

"పదిహేడున కదూ, మేళం..."

"పదిహేడున మీ పదకొండో నంబరు బస్సు మొదలైంది. దండ దానికీ వేశారు. ఆ ఫొటో కూడా ఉంది."

"ప్రతి ఏడూ ముందురోజు నేను గుర్తుచేస్తానుగా నాన్నా" అంది కూతురు జాలిగా.

"వాడు నురుగుతో నిలబడ్డాడే, పెళ్ళి సంగతి తర్వాత చూసుకోవచ్చు" అని తల్లి వంటింట్లోకి కదిలింది, కరెంటు పొయ్యి మీద గిన్నెడు నీళ్ళు పెట్టడానికి. కూతురు కెటిల్ పెట్టడానికి పరిగెత్తింది. అదే చేత్తో బకెట్లో హీటర్ కడ్డీ కూడా వేసింది. "ఒక్కొక్కటి, ఒక్కొక్కటి" అని సబ్‌స్టేషన్ మనిషి వెనకనుంచి అంటూనే ఉంది. కొడుకు కోసం ఒకరు, తండ్రి కోసం ఒకరు ఒకేసారి స్విచ్చులు వేశారు. మెయిన్ టప్పున పడిపోయింది.

కిటికీ లేని స్నానాలగదిలో టైమ్‌టేబుల్ గారు చీకట్లో నిలబడ్డారు. మగ్గు ఎక్కడుందో తెలియలేదు. సబ్బు కాలికింద ఉందని మాత్రం తెలిసింది, కాస్త ఆలస్యంగా.

"దెబ్బ తగిలిందా?" అంది భార్య, ఈసారి నిజంగా కంగారుపడి.

"లేదు."

"అయితే చన్నీళ్ళు పోసుకుని వచ్చెయ్యండి. ఏడూ ముప్పై అయింది."

ఇన్నాళ్ళ పథకమంతా దేన్ని తప్పించుకోవడానికి వేశారో, దాన్నే ఆయన నాలుగు బకెట్లు పోసుకున్నారు.

చొక్కా గుండీలు పెట్టుకుంటూ బస్‌స్టాపుకు పరిగెత్తి, ఏడూ యాభైకి రావాల్సిన బస్సు కోసం ఏడూ నలభైతొమ్మిదికి నిలబడ్డారు. ఎనిమిదయినా బస్సు రాలేదు. ఇలాంటి డ్రైవర్లున్నంతకాలం ఎన్ని వేళలు రాసి ఏం లాభమని పక్కన నిలబడ్డ మనిషితో అంటుంటే, అతను స్తంభానికి అంటించిన కొత్త కాగితం చూపించాడు. ఈ రోజునుంచి ఆ బస్సు నాలుగు నిమిషాలు ముందుగా కదులుతుంది. కింద సంతకం టైమ్‌టేబుల్ గారిదే.

డిపోకు ఆయన చేరేసరికి సమావేశం సగం అయిపోయింది. నిమిషం కూడా వృథా చెయ్యకూడదన్న పేజీని ఆయన బదులు మేనేజరుగారే చదువుతున్నారు. డ్రైవర్లందరూ వెనక్కి తిరిగి చూశారు. టైమ్‌టేబుల్ గారు వరసగా మూడు తుమ్ములు తుమ్మి కూర్చున్నారు.

తర్వాత మేనేజరుగారు గదిలోకి పిలిచి తలుపేశారు. "ఇరవై రెండేళ్ళలో నువ్వు ఆలస్యంగా రావడం చూళ్ళేదు. ఏమైందయ్యా?"

ఇరవై రెండేళ్ళ పేరు ఒక్క పొద్దుటితో పోయిందన్న దిగులులో ఆయనకు అబద్ధం కూడా దొరకలేదు. "గీజరు సార్. టాంకున్నదీ లేనిదీ కలిపిన రకం."

మేనేజరుగారి ముఖంలోంచి కోపం పోయింది. కుర్చీ ముందుకు జరుపుకుని గొంతు తగ్గించారు. "నాలుగు వేళల ప్యానెల్ ఉన్నదేనా? మేమూ మొన్ననే పెట్టించాం. మా ఇంట్లో నాది అయిదో వంతు. దాన్ని ఎలా పెట్టుకోవాలో... సాయంత్రం ఫోన్ చేస్తాను, చెబుదువుగాని."

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ప్యానెల్ మీద పచ్చ దీపం వెలుగుతోంది. భార్య కాఫీ ఇచ్చింది. దాన్ని సరిచేసింది ఆవిడేనని ఆయనకు అర్థమైంది.

"నా వేళల సంగతి నీకు ఎప్పుడు తెలిసింది?"

"రెండో రోజు. అద్దం చూసి."

"మరి ఊరుకున్నావేం?"

"ఇస్త్రీపెట్టె తర్వాత మీరు ముచ్చటపడి చేసిన కరెంటు పని ఇదొక్కటే. చెడగొట్టడం ఎందుకని." ఆవిడ ఎదురుగా కూర్చుంది. "ప్యానెల్ అడుగున చిన్న స్విచ్చుంది. అది తిప్పితే మీ వేళలు పక్కకు పోయి, కంపెనీవాళ్ళు పెట్టిన పద్ధతిలో నడుస్తుంది. దానికి పిన్ అక్కర్లేదు. మూడో రోజునుంచి మా ముగ్గురికీ వేడినీళ్ళే, రోజుకింత ఎక్కువసేపు. మీ వంతుకు మళ్ళీ మీ పద్ధతిలో పెట్టేదాన్ని."

టైమ్‌టేబుల్ గారు గ్లాసు కింద పెట్టారు. "అద్దం మీద ఆవిరి లేదే. నేను రోజూ చూశాను."

"తుడిచి వచ్చేవాళ్ళం. అత్తయ్యయితే పొడిబట్టతో రెండోసారి కూడా తుడిచేవారు."

"చల్లారిన టీ అని అమ్మ రోజూ..."

"మొదటి రోజు నిజంగానే అన్నాన్రా" అంది తల్లి మంచం మీదనుంచి. "తర్వాత అలవాటైపోయింది."

తన పాట చరణం చరణంగా ఎక్కడికి పోయిందో ఆయనకు అప్పుడు తెలిసింది. "పోనీ, నాకు చెప్పకపోతే చెప్పకపోయావు. ఆ పద్ధతిలో వదిలేస్తే నాకు చాలేవా?"

"నలుగురికీ చాలుతాయి. ఒకరి తర్వాత ఒకరు వెళ్తుంటే టాంకు, తగ్గితే ధార, దేని వంతు దానిది. ఆ పెట్టె చేసిందే అందుకు. మీరేమీ ముట్టుకోకుండా ఉంటే మొదటి రోజునుంచీ హాయిగా పాడుకునేవారు."

ఆయన గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. ఒక్క అనుమానం మాత్రం మిగిలింది. "పొద్దున కూడా ఆ స్విచ్చు తిప్పితే వేడినీళ్ళు వచ్చేవా?"

"వచ్చేవి."

"మరి?"

"మూడోసారీ తప్పన్నాక తిప్పుదామనే అనుకున్నాను. మీరు పదిహేడు అన్నారు. చెయ్యి రాలేదు."

ఆయన చల్లారిపోయిన కాఫీని ఒక్క గుక్కలో తాగేశారు.

అప్పుడే ఫోను మోగింది. మేనేజరుగారు. టైమ్‌టేబుల్ గారు లేచి వరండా చివరికి నడిచారు. "సార్, మీరు అస్సలు ఏమీ ముట్టుకోకండి. అంతే దాని కిటుకు."

"అదేం కిటుకయ్యా? అయిదో వంతు వాడికి యాభై డిగ్రీలు పెట్టి, మిగతావాళ్ళకు కాస్త తగ్గిస్తే..."

టైమ్‌టేబుల్ గారు వెనక్కి చూశారు. భార్య గుమ్మంలో నిలబడి ఉంది. తనంతట తానుగా, కరెంటు విషయంలో మొట్టమొదటిసారిగా, ఆయన ఫోను ఆవిడ చేతికిచ్చారు. "మా ఆవిడ చెబుతుంది సార్, వినండి."

ఆవిడ రెండు మాటలు విని, "అలాగేనండీ, ఒక్కసారి మీ ఇంట్లో ఆవిడకు ఇవ్వండి. ప్యానెల్ దగ్గర నిలబడమనండి, నేను చెబుతాను" అంది. అవతల ఫోను చేతులు మారింది. ప్యానెల్ అడుగున ఎక్కడ చెయ్యి పెట్టాలో, అద్దం దేనితో తుడిస్తే మరకపడదో చెప్పడానికి అరగంట పట్టింది. మధ్యమధ్య ఇద్దరూ నవ్వుకున్నారు. ఆపుదామని టైమ్‌టేబుల్ గారు రెండుసార్లు చెయ్యెత్తి, రెండుసార్లూ తల గోక్కున్నారు.

మర్నాడు ఆయన వేడివేడిగా స్నానం చేసి, కొత్త వేళకు నాలుగు నిమిషాల ముందే స్టాపులో నిలబడి, డిపోకు అందరికంటే ముందు చేరారు. మేనేజరుగారు అరగంట ఆలస్యంగా వచ్చారు. జుట్టు తడిగా ఉంది, పెదవులు కొంచెం నీలంగా ఉన్నాయి. తిన్నగా టైమ్‌టేబుల్ గారి బల్ల దగ్గరికొచ్చి ఆగారు.

"మీ ఆవిడది సబ్‌స్టేషనని నాకు ముందే చెప్పాల్సిందయ్యా. మా ఇంట్లో మిగతా నలుగురికీ వేడినీళ్ళే, అద్దం మీద మాత్రం మరక లేదు" అన్నారు.

టైమ్‌టేబుల్ గారు తన కుర్చీని ఎండ పడే కిటికీ దగ్గరికి జరిపి, ఆయన్ని కూర్చోమన్నారు.